పలికిన చోటు, పలకని చోటు

సముద్రయానాల పుస్తకాలు మా ఇంట్లో ఒక అర నిండా ఉన్నాయి. ఎవరు ఎన్ని రోజుల్లో భూగోళాన్ని చుట్టొచ్చారు, ఎవరు ఒంటరిగా వెళ్లారు, ఎవరు మొదటివారు – ఇవన్నీ వాటిలో దొరుకుతాయి. పడవ కారకుండా ఎవరు చూసుకున్నారన్నది మాత్రం వెతుక్కోవాలి. 1976 మార్చిలో కానరీ దీవుల నుంచి బయల్దేరి 1978 ఏప్రిల్‌లో ప్రపంచాన్ని చుట్టడం పూర్తిచేసిన పోలండ్ స్త్రీ క్రిస్టీనా హొయ్‌నోవ్‌స్కా-లిస్కెవిచ్ స్వయంగా నౌకా నిర్మాణ ఇంజనీరు. అయినా ఆమె గురించి ఎక్కడ చదివినా ‘ఒంటరిగా చుట్టొచ్చిన మొదటి స్త్రీ’ అన్న మాట దగ్గరే కథ అయిపోతుంది. పడవల గురించి ఆమెకేం తెలుసో ఎవరికీ పట్టదు.

మన దగ్గరా అంతే. 2017 సెప్టెంబర్ 10న నౌకాదళానికి చెందిన ఆరుగురు స్త్రీలు గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవలో బయల్దేరి, ప్రపంచమంతా చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాద్. మనందరం సంబరపడ్డాం. దారి చివర్లో స్టీరింగ్ పాడైతే మారిషస్‌లో ఆగి బాగుచేసుకుని వచ్చారని ఒక వాక్యం ఉంది. ఆ వార్తలన్నిటిలో నాకు బాగా కుతూహలం కలిగించింది ఆ వాక్యమే. నేను చూసిన పేపర్లలో దాని తర్వాత రెండో వాక్యం లేదు.

కాబట్టి నేను ప్రయాణం గురించి రాయడం లేదు. ఒక పాత పడవ డెక్ గురించి, అందులోనూ మెత్తబడిపోయిన ఓ పద్నాలుగు చదరపు అడుగుల గురించి రాస్తున్నాను.

పడవ 1974 నాటిది. ముప్ఫై అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. మేరీలాండ్‌లో, చెసపీక్ బే పక్కన ఓ చిన్న పాయలో ఉంటుంది. 2016లో పాత కారు ధరకి కొన్నాం. కొన్నామంటే నేనూ మా అమ్మాయీ. మా ఆయనకి ఒడ్డుకి కట్టేసిన పడవలో కూర్చున్నా కళ్లు తిరుగుతాయి. చలికాలం దాన్ని నీళ్లలోంచి తీసి యార్డులో ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టినప్పుడు మాత్రం ఉప్మా డబ్బా పట్టుకుని వస్తారు. యార్డులో మగవాళ్లు నాకు కావలసిన రెంచీ సైజు గురించి ఆయనతో మాట్లాడతారు. ఆయన చాలా శ్రద్ధగా విని, “మా ఆవిడని అడగండి” అంటారు. తొమ్మిదేళ్లుగా ఇదే తంతు.

ఇంగ్లిష్‌లో పడవని ‘ఆమె’ అంటారని మనకి తెలుసు. అదేదో గొప్ప మర్యాద అన్నట్టు యార్డులో ఒకాయన నాకు వివరించాడు కూడా. మన తెలుగు క్రియాపదం ఆ సంగతి ఎప్పుడో తేల్చేసిందని ఆయనకెలా చెప్పను? పడవ వచ్చింది, గేదె వచ్చింది, కోడలు వచ్చింది!

డెక్ ఎందుకు మెత్తబడుతుందో తెలియాలంటే అది ఎలా కట్టారో తెలియాలి. పైన మూడు నాలుగు మిల్లీమీటర్ల ఫైబర్‌గ్లాస్ పొర, కింద ఇంకా పల్చటి పొర, మధ్యలో అరంగుళం మందాన బల్సా చెక్క. రెండు పల్చటి పొరల్ని దూరంగా ఉంచి మధ్యలో తేలికైనదేదైనా గట్టిగా అతికిస్తే, బరువు పెద్దగా పెరక్కుండానే గట్టిదనం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అతుకు వదిలిందా, ఆ రెట్లన్నీ పోయి రెండు రేకులే మిగులుతాయి. బల్సాని చిన్న చిన్న బిళ్లలుగా, నార నిలువుగా ఉండేలా పేరుస్తారు. చెక్కలో నీళ్లు నార వెంట పరిగెడతాయి గానీ అడ్డంగా నెమ్మదిగా పాకుతాయి కాబట్టి ఈ ఏర్పాటు మంచిదే. కానీ బిళ్లకీ బిళ్లకీ మధ్య సందులుంటాయి. నీళ్లకి ఆ సందులు చాలు.

అసలు నీళ్లెలా వస్తాయి? డెక్ మీద రెయిలింగ్ స్తంభాలూ, తాళ్లు కట్టే కొక్కేలూ, కిటికీలూ, అన్నీ బోల్టులతో బిగిస్తారు. ప్రతి బోల్టుకీ పై పొర నుంచి కింది పొర దాకా ఒక కన్నం. కన్నం చుట్టూ పెట్టిన లప్పం ఇరవై ఏళ్లకో ముప్ఫై ఏళ్లకో ఎండి బీటలిస్తుంది. వాన నీళ్లు బోల్టు వెంట దిగి చెక్కలోకి చేరతాయి. ఇక్కడి చలికి అవి గడ్డకట్టి ఉబ్బి పొరల్ని ఇంకాస్త విడదీస్తాయి, వేసవిలో కరిగి ఇంకాస్త లోపలికి పోతాయి. పైన చూస్తే తెల్లగా, నున్నగా, ఏమీ తెలీదు. మా పడవలో నేను పడుకునే చోట సరిగ్గా నుదుటి మీద చుక్క పడేది. ఆ చుక్కకి మూలమైన రెయిలింగ్ స్తంభం అక్కడికి నాలుగడుగుల దూరంలో ఉంది.

బల్సా అంటే స్పానిష్‌లో తెప్ప. 1947లో ఆరుగురు మగవాళ్లు బల్సా దుంగల తెప్ప మీద పెరూ నుంచి పాలినీషియా దాకా 101 రోజులు తేలుతూ వెళ్లారు. సముద్రంలో అన్నాళ్లు నాని కూడా నిలబడ్డ చెక్క, రెండు మెరిసే పొరల మధ్య మూసిపెడితే కుళ్లి నల్లటి పిప్పి అవుతుంది. ఇది చదువుతున్న మీరంతా సాహిత్యం చెప్పేవాళ్లూ రాసేవాళ్లూ కాబట్టి ఇప్పుడేం ఆలోచిస్తున్నారో నాకు తెలుసు. నేనూ ముప్ఫై ఏళ్లు కాలేజీలో అదే పాఠం చెప్పాను. పైకి నున్నగా ఉండే సంసారం, లోపల కుళ్లు... వద్దు. డెక్‌ని డెక్‌లాగే ఉండనివ్వండి. రూపకంగా మార్చేస్తే దాన్ని బాగుచేయాల్సిన పని మనకి తప్పిపోతుంది.

2023 వేసవికి తెరచాప కొయ్య పక్కన కాలు వేస్తే డెక్ కిందికి వంగి పైకి లేవడం మొదలైంది. ముగ్గిన పనసపండుని వేలితో నొక్కినట్టుగా. (ఇప్పుడది కొయ్య కాదు, అల్యూమినియం గొట్టం. అయినా నేను కొయ్యనే అంటాను.) ఆ కొయ్యని రెండు పక్కల నుంచీ లాగిపట్టి నిలబెట్టేవి ఉక్కు తీగలు. ఆ తీగల బలమంతా చైన్‌ప్లేట్ అనే ఒక స్టీలు పట్టీ మీద పడుతుంది. ఆ పట్టీ డెక్‌లోంచి కిందికి దిగి, లోపలున్న ప్లైవుడ్ అడ్డగోడకి బిగించి ఉంటుంది. పట్టీ దిగే కన్నం దగ్గర నీళ్లు కారితే డెక్‌తో ఆగదు, అడ్డగోడ కూడా నానుతుంది. గాలి బాగా ఉన్న రోజున ఆ గోడ వదిలేస్తే కొయ్య కూలుతుంది. ఎవరి మీద కూలుతుందన్నది అప్పుడెవరు ఎక్కడున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

మా అమ్మాయి తన స్నేహితురాలితో కలిసి ఆ పడవలో నార్‌ఫోక్ దాకా దిగి, అక్కడి నుంచి లోపలి జలమార్గం పట్టుకుని నార్త్ కరొలైనా వెళ్లాలని రెండేళ్లుగా మ్యాపులు ముందేసుకుని కూర్చుంది. “అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ సాఫ్ట్ స్పాట్” అంటుంది. దానికి ఇరవై ఎనిమిదేళ్లు.

పడవలు పరీక్షించే నిపుణుడు వచ్చాడు. తేమ కొలిచే మీటరు పెట్టి చూసి, బాగుచేసే ఖర్చు పడవ విలువకన్నా ఎక్కువ, వదిలించుకోండి అన్నాడు. యార్డులో ఇంకొకాయన, పైన చిన్న కన్నాలు వేసి సిరంజితో ఎపాక్సీ జిగురు ఎక్కిస్తే ఒక్కరోజులో రాయిలా గట్టిపడుతుందన్నాడు. ఈ పద్ధతి నాకు నచ్చలేదు. తడి పిప్పి మధ్యలో జిగురు ఎంత దూరం పోయిందో, దేనికి అతుక్కుందో తెలిసే మార్గమే లేదు. కాలికి గట్టిగా తగులుతుంది, నిజమే. లోపలేముందో ఎవరూ చూసింది లేదు. కూతురు ఎక్కే పడవ విషయంలో నాకు చూడాలనుంది.

పక్క పడవావిడ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. డెబ్భై దాటాయి. ఆవిడ ఒక స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, ప్లాస్టిక్ పిడితో కొట్టుకుంటూ వెళ్లమంది. మీటరు కింద ఎక్కడైనా లోహం ఉంటే అది కూడా తడి అనే చూపిస్తుందట, చెవి అలా మోసపోదట. మోకాళ్ల మీద కూర్చుని అంగుళం అంగుళం కొడుతూ వెళ్లాను. బాగున్న చోట టక్ టక్‌మని స్పష్టంగా పలికింది. కుళ్లిన చోట దబ్‌మని, తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు. మారిన చోటల్లా పెన్సిల్‌తో గీశాను. ఎక్కడ కొడితే ఏం వినాలో నాకు కొత్తగా అనిపించలేదు. అదెలా తెలుసో గుర్తుకు రావడానికి ఆ సాయంత్రం దాకా పట్టింది.

1972లో కాకినాడలో మా ఇంటికి డాబా వేశారు. నాకు తొమ్మిదేళ్లు. సిమెంటు కాదు, సున్నపు గచ్చు. దూలాల మీద ఇటుక పేర్చి, దాని మీద గానుగ సున్నంలో కలిపిన ఇటుక ముక్కలు నాలుగంగుళాల మందాన పోశారు. ఆ తర్వాత పది పన్నెండుమంది ఆడకూలీలు రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చుని, పిడి ఉన్న చెక్కలతో దాన్ని రోజుల తరబడి కొట్టారు. పాట తాళానికి చెక్కలన్నీ ఒకేసారి లేచి ఒకేసారి పడేవి. మధ్యమధ్యలో బెల్లం, కరక్కాయలు నానబెట్టిన నీళ్లు చల్లేవారు. వాళ్లలో పెద్దావిడ ఒకామె పాట ఆగినప్పుడు కూడా అక్కడక్కడా ఒక దెబ్బ వేసి తల పక్కకి వంచి వినేది. చెక్క గచ్చులో దిగబడకుండా ఎగిరి వెనక్కి రావాలి, చప్పుడు మారాలి. అప్పటికి గానీ పని అయినట్టు కాదు. మేస్త్రి చాల్లెమ్మన్నా ఆవిడ ఒప్పుకునేది కాదు. “ఇక్కడింకా పలకలేదయ్యా” అనేది. మా నాన్న మేస్త్రినే అడిగేవాడు, మేస్త్రి ఆవిడ్ని అడిగేవాడు. ఆ డాబా నేను పెళ్లయి వచ్చేదాకా ఒక్క చుక్క కారలేదు.

మధ్యాహ్నం వాళ్లకి మంచినీళ్లు మా అమ్మ చెంబుతో పైనుంచి దోసిట్లో పోసేది. చెంబు చేతికివ్వడం ఉండేది కాదు. మేస్త్రికి గ్లాసు ఉండేది. వాళ్ల కూలి మేస్త్రి కూలిలో సగం కూడా కాదని నాన్న శనివారం డబ్బులు లెక్కపెడుతుంటే చూశాను. సమాన వేతన చట్టం 1976లో గానీ రాలేదు. వచ్చాక ఆ వరసల్లో కూర్చున్నవాళ్లకి ఎంత అందిందో మీకు నేను చెప్పక్కర్లేదు. సున్నానికి వాళ్ల వేళ్ల సందులు ఒరిసిపోయి ఎర్రగా ఉండేవి.

ఇప్పుడు నా సంగతి. నేను నైట్రైల్ గ్లవ్స్ వేసుకుంటాను. గాజు దుమ్ము లోపలికి పోకుండా రెండు గుండ్రటి ఫిల్టర్ల మాస్కు పెట్టుకుంటాను. అలసిపోతే ఇంటికెళ్లి పడుకుంటాను. మోకాళ్ల మీద కూర్చుని పైకప్పు కొట్టడం నాకు అభిరుచి, ఆవిడకి కూలి. అమెరికాలో చదువుకున్న మధ్యతరగతి మనిషి తన చేత్తో పని చేసుకుంటే అదొక మంచి లక్షణం కింద లెక్క, ఫొటోలు తీసుకుంటారు. స్త్రీవాదులం మనం కూడా ‘మగవాళ్ల పనిలోకి అడుగుపెట్టిన స్త్రీ’ అని నాలాంటి దాని గురించి ముచ్చటపడతాం. ఇంటి కప్పు కారకుండా చేసే పని మగవాళ్లదని అసలు ఎవరన్నారు? మన కులాల ఇళ్లలో ఆడవాళ్లు చేయలేదు, అంతే.

అమ్మకి ఎనభై ఎనిమిది. ఫోన్‌లో డెక్ సంగతి చెబితే, “అక్కడ పనివాళ్లు దొరకరుటే?” అంది. ఆ డాబా కొట్టిన పెద్దావిడ పేరేంటని అడిగాను. మేస్త్రి పేరు వెంటనే చెప్పింది, వాళ్ల ఊరూ, వాళ్లబ్బాయి ఎక్కడ పనిచేస్తాడో కూడా చెప్పింది. ఆవిడ పేరు కోసం చాలాసేపు ఆలోచించింది. “ముసల్దాన్నే అనేవాళ్లం కదే. పేరెవరడిగారు?” అంది.

2024 అక్టోబర్‌లో డెక్ కోశాను. పెన్సిల్ గీతకి రెండంగుళాలు బయటగా, పై పొర వరకే దిగేలా రంపం లోతు బిగించి కోయాలి. కింది పొర తెగితే పని రెట్టింపవుతుంది. ఉలి దూర్చి ఎత్తితే పై పొర పెద్ద అప్పడంలా లేచి వచ్చింది. కింద బల్సా అనేది లేదు. కాఫీ ఫిల్టర్‌లో అడుగున మిగిలే పొడి ఎలా ఉంటుందో అలా, నల్లగా, తడిగా, పుల్లటి వాసనతో. గరిటెతో ఎత్తి పోశాను. రెండు బకెట్లు అయింది. అంచుల దగ్గర చెక్క రంగు మారి, తర్వాత తడి తగ్గి, చివరికి కొత్త చెక్కలా తెల్లగా, పొడిగా అయ్యేదాకా తవ్వుకుంటూ పోయాను. చైన్‌ప్లేట్ కింద అడ్డగోడ పైభాగం ఒక జానెడు మేర చేత్తో తుంచితే వచ్చింది. సిరంజితో జిగురు ఎక్కించి ఉంటే ఇది బయటపడేదా? మా అమ్మాయిని పిలిచి, తుంచిన ముక్క చేతిలో పెట్టాను. ఆ రోజు మ్యాపుల ఊసెత్తలేదు.

ఆరబెట్టడం చాలా విసుగు పని. టార్పాలిన్ కింద ఫ్యాన్ పెట్టి మూడు వారాలు. దాని గురించి రాయడానికేం లేదు.

కొత్త బల్సా షీట్లు తెప్పించినప్పుడు అది ఎక్కడిదని చూశాను. ప్రపంచానికి బల్సాలో ఎక్కువ భాగం ఈక్వడార్ నుంచే వస్తుంది. గాలిమరల రెక్కల్లో కూడా ఇదే చెక్క. 2019, 2020ల్లో వాటికి గిరాకీ ఒక్కసారిగా పెరిగి, అక్కడి అమెజాన్ నదీ తీరాల్లో, ఆదివాసీల భూముల్లోంచి బల్సాని ఇష్టారాజ్యంగా నరికి పట్టుకుపోయారు. నేను కొన్నది తోటల్లో పెంచిందని రశీదు మీద ఉంది. రశీదుని నమ్మాను, నమ్మినట్టు ఇక్కడ రాసుకుంటున్నాను కూడా.

ఎపాక్సీకి నేను వాడిన రకంలో ఐదు పాళ్ల రెజిన్‌కి ఒక పాలు హార్డెనర్. ఎక్కువ మోతాదు ఒకే కప్పులో కలిపి ఉంచితే దాని వేడికి అదే మరిగి పొగలొస్తుంది, వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోసుకుంటే నిదానంగా గట్టిపడుతుంది. పచ్చళ్లు పెట్టినవాళ్లకి పాళ్లూ, పాత్రలూ, తడి తగలకూడదన్న జాగ్రత్తా వేరే నేర్పనక్కర్లేదు. ముందు పల్చటి జిగురు పట్టించాను. తర్వాత సిలికా పొడి కలిపి గడ్డపెరుగులా చేసిన జిగురు పరిచి, దాని మీద కొత్త చెక్క, మళ్లీ జిగురు, ఆపైన కోసి తీసిన పాత పొర. ప్లాస్టిక్ కాగితం వేసి నీళ్లు నింపిన బకెట్లు పన్నెండు బరువు పెట్టాను. కోత గీతకి రెండు వైపులా పొర మందానికి పన్నెండింతల వెడల్పున ఏటవాలుగా అరగదీసి, కొత్త గాజుగుడ్డ పట్టీలు వరసగా వేశాను. అడ్డగోడ పైభాగం కోసేసి కొత్త ప్లైవుడ్ అతికాం. ఆ పనిలో సగం అమ్మాయిది. కొలతలు నాకన్నా బాగా తీస్తుంది.

కన్నాల పని నాకు అన్నిటికన్నా నచ్చింది. బోల్టు ఎంత ఉంటే దానికన్నా పెద్ద కన్నం వేసి, చుట్టూ ఉన్న బల్సాని కొంచెం గీకి తీసేసి, ఆ ఖాళీని చిక్కటి జిగురుతో నింపేస్తారు. గట్టిపడ్డాక ఆ జిగురు మధ్యలో బోల్టుకి సరిపడా కన్నం వేస్తారు. ఇక పైన లప్పం ఎండి బీటలిచ్చినా నీళ్లకి చెక్క తగలదు. 1974లోనే ప్రతి కన్నానికీ ఓ పావుగంట పెట్టి ఇలా చేసి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. ఆ పావుగంట ఎవరికీ లాభం కాదు గదా. పడవ అమ్ముడుపోయాక ఇరవై ఏళ్లకి గానీ కారదు.

2025 మేలో గొట్టం పెట్టి డెక్ మీద గంటసేపు నీళ్లు కొట్టాం. మా ఆయన లోపల టార్చిలైటు పట్టుకుని, కళ్లు తిరుగుతున్నా, చైన్‌ప్లేట్ కింద కూర్చున్నారు. పడవ నేల మీదే ఉంది, అయినా తిరుగుతాయట. “పొడిగానే ఉంది” అని ఐదేసి నిమిషాలకోసారి అరిచారు. ఆ తర్వాత అమ్మాయి స్క్రూడ్రైవర్ తీసుకుని నేను చేసిన చోటంతా తనే కొట్టుకుంటూ వెళ్లింది. నేను చెప్పలేదు. ఒకచోట ఆగి, అక్కడే మూడుసార్లు కొట్టి, తల వంచి విని, ముందుకి కదిలింది. కొయ్య పక్కన అంతా పలికింది. ముక్కు దగ్గర, లంగరు కొక్కెం చుట్టూ, నేనింకా తెరవని చోట ఓ రెండు చదరపు అడుగులు పలకలేదు. పెన్సిల్ అడిగింది.

ప్రయాణం ఓ ఏడాది వాయిదా వేసుకుంది. బల్సా ఇంకో షీటు కావాలి.